మంచులో కారు దిగబడితే: టైరు కింద ఏం జరుగుతుంది, బయటికి ఎలా తీయాలి

2024 డిసెంబరు 27న మనాలికి ఎగువన, సోలాంగ్ నాలా ప్రాంతంలో దాదాపు వెయ్యి బండ్లు మంచులో చిక్కుకున్నాయి. వాటిలో ఐదు వేల మంది దాకా పర్యాటకులు. పోలీసులు వాళ్లను సురక్షితమైన చోట్లకు చేర్చారు. ఇలాంటి వార్త చదివినప్పుడు, అంత చలికి ఇంజిన్లు మొరాయించి ఉంటాయని మైదానాల్లో ఉండేవాళ్లు అనుకుంటారు. అలా ఆగిపోయే బండ్లలో చాలావాటికి ఇంజిను భేషుగ్గా తిరుగుతూనే ఉంటుంది. చక్రమూ తిరుగుతుంది. బండే కదలదు.

మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం ఘాట్‌లలో చెయ్యి తిరిగిన డ్రైవరు తడబడేది ఇక్కడే. ఘాట్‌లో బండి లాగకపోతే గేరు తగ్గించి యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కుతాం, ఎక్కేస్తుంది. మంచులో అదే పని చేస్తే, పది నిమిషాల్లో బయటపడాల్సిన బండి రెండు గంటల తవ్వకం కింద మారుతుంది. అక్కడ కరువైంది పట్టు. శక్తి పెంచితే ఉన్న పట్టు కూడా పోతుంది.

పట్టు లెక్క

టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకెను ఘర్షణ గుణకం అంటారు. పొడి తారు మీద అది 0.7 నుంచి 0.8 దాకా ఉంటుంది. బండ్లు తొక్కి గట్టిపడ్డ మంచు మీద 0.2 నుంచి 0.3. నున్నటి మంచుగడ్డ మీద 0.1. కరగడం మొదలై పైన నీటి పొర ఉన్న గడ్డ మీద 0.05 దాకా పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే పొడి తారు మీద దాదాపు 9 మీటర్లలో ఆగే కారు, గట్టిపడ్డ మంచు మీద 25 మీటర్లు, గడ్డ మీద 60 మీటర్లకు పైగా జారుతుంది. బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపు పోయే దూరం దీనికి అదనం.

ఎక్కుడు సంగతీ ఈ అంకెల్లోనే ఉంది. వంద మీటర్లకు పది మీటర్లు ఎత్తు పెరిగే దారిని పది శాతం వాలు అంటాం. ముందు చక్రాలతో నడిచే కారులో మొత్తం బరువులో సుమారు 60 శాతం ముందు ఇరుసు మీద ఉంటుంది, ఎక్కేటప్పుడు అది ఇంకొంచెం తగ్గుతుంది. గుణకం 0.1 ఉన్న గడ్డ మీద ఆ కారు ఆరు శాతం వాలు దాటి ఎక్కలేదు. నాలుగు చక్రాలతో లాగే బండికి హద్దు పది శాతం. అదే దారి గట్టి మంచుతో 0.25 దగ్గర ఉంటే మామూలు హ్యాచ్‌బ్యాక్ కూడా ఎక్కిపోతుంది. పొద్దున హాయిగా ఎక్కిన కారు సాయంత్రం అదే మలుపులో ఎందుకు ఆగిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. వందల టైర్లు తొక్కి, మధ్యాహ్నపు ఎండకు కొంచెం కరిగి, నీడ పడగానే మళ్లీ గడ్డకట్టిన దారి అది. కారు పొద్దుటిదే, రోడ్డు వేరు.

చలి ఎక్కువైతే జారుడు ఎక్కువ అనుకోవడం కూడా పొరపాటే. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు ముక్క వేలికి అంటుకుంటుంది, రెండు నిమిషాలాగితే చేతిలోంచి జారిపోతుంది. రోడ్డు మీదా అంతే. మైనస్ 15 డిగ్రీల పొడిమంచు కంటే సున్నా దగ్గర ఊగిసలాడే తడిమంచు ప్రమాదకరం. మనాలి చుట్టుపక్కల పర్యాటకులు తిరిగే వేళల్లో ఉష్ణోగ్రత సరిగ్గా ఆ సున్నా చుట్టూనే తిరుగుతుంది.

ఇంకో చిక్కు ఎత్తుతో వస్తుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిను ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం బలం కోల్పోతుంది. మూడు వేల మీటర్ల దగ్గర దాదాపు మూడో వంతు ఉండదు. బండి లాగట్లేదని డ్రైవరు సగం క్లచ్ మీద యాక్సిలరేటర్ తొక్కి పట్టుకుంటాడు. చక్రం జారుతుంది, క్లచ్ కాలుతుంది. పర్యాటక కాలంలో కొండ దారుల్లో ముక్కుకు తగిలే ఆ మాడు వాసన చాలావరకు ఇదే.

ఒక్క కారు ఆగితే వెనక వెయ్యి ఎందుకు ఆగుతాయి

2020 అక్టోబరు 3న అటల్ సొరంగం తెరిచేవరకు శీతకాలంలో కొండకు అవతలి లాహౌల్ లోయ వైపు మామూలు పర్యాటకుడు వెళ్లే వీలే లేదు. 3,978 మీటర్ల రోహ్తంగ్ కనుమ మూసేస్తే అంతే సంగతులు. ఇప్పుడు 9.02 కిలోమీటర్ల సొరంగం దాటి జనవరిలోనూ చిన్న కార్లు అవతలి సిస్సు గ్రామం దాకా పోతున్నాయి. సొరంగం లోపల రోడ్డు పొడిగా ఉంటుంది, బయట ఉండదు. సోలాంగ్ నుంచి ధుండి దగ్గరి దక్షిణ ద్వారం దాకా, 3,060 మీటర్ల ఎత్తుకు ఎక్కే ఆ దారి అసలు బలహీనమైన చోటు. పైగా కొండకు ఇటు ఎండ కాస్తున్నప్పుడు అటు మంచు కురుస్తూ ఉండొచ్చు. సిస్సులో ఫొటోలు దిగుతున్న జనమంతా మబ్బు కమ్మగానే ఒకేసారి వెనక్కి బయల్దేరతారు.

ఆ వరసలో ఏదో ఒక కారు వాలు మీద జారి అడ్డం తిరుగుతుంది. వెనక కారు బ్రేకు వేస్తుంది. సాగుతున్నంతసేపు బాగానే సాగిన ఆ కారు ఒకసారి వాలులో ఆగాక మళ్లీ బయల్దేరలేదు. నిశ్చలంగా ఉన్న బండిని కదిలించడానికి ఎక్కువ లాగుడు కావాలి, టైరు కింద అంత పట్టు లేదు. దాని వెనక ఇంకొకటి. ఎదురుగా వచ్చే వరసలోంచి ఓపిక లేనివాడెవడో పక్కకు తీసి దూరతాడు. ఇక మంచు తోసే యంత్రం పైకి వచ్చే దారి ఉండదు, వెనక్కి తిరిగే చోటూ ఉండదు. అరగంటలో అన్ని టైర్ల కింద కొత్త మంచు పేరుకుంటుంది.

అందుకే అనుభవమున్న స్థానిక డ్రైవరు వాలు మొదట్లోనే ఆగి, ముందు బండి మలుపు దాటేదాకా చూసి, ఆ తర్వాత ఆగకుండా ఒకే ఊపులో ఎక్కుతాడు. వెనకనుంచి హారన్ మోగుతున్నా పట్టించుకోడు. ఖాళీ కనిపించిందని ముందుకు జరగడం మనకు నగరాల్లో అలవాటైన పని, మంచు వాలు మీద అది పనికిరాదు.

దిగబడిన మొదటి నిమిషం

చక్రం ఉన్నచోటే తిరిగిందని తెలిసిన క్షణం యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. ఒకటి రెండు సెకన్ల జారుడు వల్ల నష్టం లేదు. ఐదారు సెకన్లు తిప్పితే రబ్బరు రాపిడి వేడికి కింది మంచు కరిగి, టైరు ఆకారంలో నున్నటి గుంట ఏర్పడుతుంది. అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించేసరికి అది గడ్డ. ఇంకా తిప్పితే చక్రం కిందికి తవ్వుకుంటూ పోయి, కారు అడుగుభాగం మంచు దిబ్బ మీద కూర్చుంటుంది. బరువు చక్రాల మీదనుంచి పొట్ట మీదికి మారిపోయిన కారును ఏ గేరూ లాగలేదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌కు రోడ్డుకూ అడుగుకూ మధ్య 160, 170 మిల్లీమీటర్లే ఉంటుంది. చిన్న ఎస్‌యూవీలకు 190 నుంచి 210. కురిసిన మంచు దాన్ని మించితే టైరుతో సంబంధం లేకుండానే కారు పొట్ట ఆనేస్తుంది.

కాలు తీశాక స్టీరింగ్ నిటారుగా చేయాలి. పక్కకు తిప్పిన ముందు చక్రం మంచును అడ్డంగా తోస్తూ బ్రేకులా పనిచేస్తుంది. తర్వాత రివర్స్ గేరులో, యాక్సిలరేటర్ దాదాపు తాకకుండా, వచ్చిన గాట్లలోనే వెనక్కి రావడానికి ఒక్క ప్రయత్నం. ఆ గాట్లు మీ టైర్లు అప్పటికే అణిచిన మంచు కాబట్టి ఉన్నవాటిలో అదే మంచి దారి. వాలు మీద ఇరుక్కుంటే గురుత్వాకర్షణ కూడా అటే సాయం చేస్తుంది, వెనక లోయ లేదని, మరో బండి లేదని చూసుకున్నాకే. రాకపోతే ఇంజిను ఆపి దిగి చూడాలి.

తవ్వకం

దిగగానే మొదట చూడాల్సింది టైరు కాదు, సైలెన్సర్ గొట్టం. దాని చుట్టూ అరమీటరు మేర మంచు తీసేయాలి. కారణం కిందికొచ్చాక వివరంగా ఉంది. చుట్టూ తిరిగి అడుగున ఏ భాగం ఆనిందో చూడాలి.

తవ్వాల్సింది లాగే చక్రాల దగ్గర మాత్రమే అనుకుంటారు. నాలుగింటి దగ్గరా తవ్వాలి, వెళ్లాల్సిన వైపు ఒక్కో టైరు ముందు మీటరు పొడవు దారి చేయాలి. గుంట చివర నిలువు గోడలా వదలకుండా ఏటవాలుగా చెక్కాలి. పొట్ట కింది మంచును పొడవాటి పార కర్రతో లాగేయాలి. ఈ పని చాలామంది వదిలేస్తారు, అందుకే తవ్వాక కూడా బండి కదలదు. తీసిన మంచును లోయ వైపు పడేయాలి, వెళ్లే దారిలో కాదు. తాజా పొడిమంచు ఘనపు మీటరుకు వంద కిలోల లోపే, తడిసిన మంచు మూడు నాలుగు వందల కిలోలు. మూడు వేల మీటర్ల ఎత్తులో దాన్ని ఎత్తిపోస్తుంటే ఐదు నిమిషాల్లో ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. చెమటతో తడిసిన లోపలి బట్ట తర్వాత చలికి ప్రాణం తీస్తుంది కాబట్టి పైకోటు విప్పి, నిదానంగా, మనిషి మార్చి మనిషి తవ్వాలి.

తర్వాత టైరు కింద గరుకు వేయాలి. ఇసుక, కంకరపొడి, రోడ్డుపక్క మట్టి, దేవదారు కొమ్మలు ఏవైనా సరే. అన్నిటికంటే బాగా పనిచేసేది గోనె సంచి. తడిసి గడ్డకు అంటుకుంటుంది, నేత గరుకుగా ఉంటుంది. కారులోని రబ్బరు మ్యాట్‌ను ముళ్లవైపు కిందికి వచ్చేలా టైరుకు ఆనించి తోయవచ్చు. కానీ చక్రం గట్టిగా తిరిగితే అది వెనక నుంచి ఎగిరి వస్తుంది, ఆ దిశలో ఎవరూ నిలబడకూడదు. ఉప్పు పనిచేస్తుంది, కాకపోతే సమయం తీసుకుంటుంది. మైనస్ తొమ్మిది, పది డిగ్రీల కిందికి పోతే మామూలు ఉప్పు దాదాపు దండగే. వేడినీళ్లు పోయడం మాత్రం వద్దే వద్దు. పది నిమిషాల్లో అదే ఆ చోటుకల్లా గట్టి గడ్డ అవుతుంది.

బయల్దేరేది రెండో గేరులో. మొదటి గేరు చక్రానికి ఎక్కువ తిప్పుడు బలం పంపి పట్టు తెంపేస్తుంది. ఆటోమేటిక్ బండిలో స్నో మోడ్ ఉంటే అది, లేదంటే మాన్యువల్‌లో రెండు. నలుగురు తోసేవాళ్లుంటే రెండు ఇంజిన్లున్నంత సాయం, కానీ కారు నేరుగా వెనక మధ్యలో నిలబడి కాకుండా రెండు మూలల నుంచి తోయాలి.

ముందుకూ వెనక్కీ ఊపి బయటికి తీసే పద్ధతి మాన్యువల్ గేరులో బాగా పనిచేస్తుంది. కొంచెం ముందుకు వెళ్లి, అక్కడ చక్రం జారబోయే ముందు క్లచ్ నొక్కి, వెనక్కి దొర్లనిచ్చి, ఆ ఊపులో మళ్లీ ముందుకు. ఆటోమేటిక్‌లో బండి పూర్తిగా ఆగకముందే డీ నుంచి ఆర్‌కు మారిస్తే గేరుబాక్సు దెబ్బతింటుంది. డ్యూయల్ క్లచ్, సీవీటీ బండ్లలో ఈ ఊపుడు రెండు మూడు నిమిషాలకు మించి చేయొద్దు. వేడెక్కిన హెచ్చరిక దీపం వెలిగితే అరగంట ఆగాల్సిందే.

మొరాయించే ఎలక్ట్రానిక్స్

మామూలు కారులో రెండు లాగే చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ రెండువైపులా సమానమైన బలమే పంపుతుంది. ఒక చక్రం గడ్డ మీద ఉండి దానికి పట్టు లేకపోతే రెండో దానికీ అంత తక్కువే అందుతుంది. అందుకే ఒకటి గిర్రున తిరుగుతూ, రెండోది గట్టి నేల మీద ఉండి కూడా కదలదు. ఈ స్థితిలో స్పీడోమీటరు యాభై చూపిస్తుంటే తిరిగే ఆ ఒక్క టైరు నిజానికి వంద వేగంతో తిరుగుతున్నట్టు. గంటకు 55 కిలోమీటర్లు దాటి టైరును ఖాళీగా తిప్పొద్దని టైరు కంపెనీలు హెచ్చరించేది ఇందుకే. లోపలి వేడికి టైరు పేలగలదు.

ట్రాక్షన్ కంట్రోల్ రెండు పనులు చేస్తుంది. తిరిగే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండో వైపుకు మళ్లిస్తుంది, ఇది మంచిదే. దాంతోపాటు ఇంజిను బలాన్ని తగ్గించేస్తుంది. దిగబడిన కారులో ఈ రెండో పని వల్ల యాక్సిలరేటర్ తొక్కినా స్పందన ఉండదు. కాబట్టి మొదట ఆన్‌లోనే ఉంచి నెమ్మదిగా ప్రయత్నించాలి, బండి ఊపందుకోలేక చచ్చుబడుతుంటే ఆఫ్ చేయాలి, గుంట దాటగానే మళ్లీ ఆన్ చేయాలి. చాలామంది ఈ చివరి మాట మరిచిపోయి అదే స్థితిలో దిగుడు దారి పడతారు.

ఫోర్ బై ఫోర్ గురించి ఒక అపోహ పోవాలి. అది బయల్దేరడానికి, ఎక్కడానికి సాయం చేస్తుంది. ఆగడానికి చేయదు. బ్రేకు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటుంది. పైగా బరువైన బండి. ఎక్కగలిగిందన్న ధైర్యంతో పైకి పోయి, దిగేటప్పుడు జారేవి ఎక్కువగా ఈ బండ్లే కావడంలో ఆశ్చర్యం లేదు. థార్ లాంటివాటిలో కూడా వెనక చక్రాలతో మాత్రమే నడిచే రకాలున్నాయి, అద్దెకు తీసుకునేటప్పుడు గేరు పక్కన రెండో లివరుందో లేదో చూసుకోవడం మంచిది.

దిగుడులో మన ఘాట్ సూత్రం, అంటే ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగడం, ఇక్కడా చెల్లుతుంది. ఒక సవరణతో. నడుస్తుండగా మూడు నుంచి ఒకటికి ఒక్కసారిగా తగ్గిస్తే లాగే చక్రాలు గడ్డ మీద బిగుసుకుని కారు తోక తిప్పుతుంది. వాలు మొదలయ్యే ముందే, నడక వేగంలో, రెండులోనో ఒకటిలోనో వేసుకోవాలి. జారడం మొదలైతే ఏబీఎస్ ఉన్న కారులో బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకోవాలి, పాదం కింద కొట్టుకుంటున్నట్టు అనిపించినా వదలకూడదు. స్టీరింగ్ కొండ వైపు. తొక్కుడుపడి మెరిసే గాట్ల కంటే వాటి పక్కనున్న తొక్కని మంచులో పట్టు ఎక్కువ, రెండు చక్రాలు అందులోకి దింపగలిగితే వేగం తగ్గుతుంది.

తాడు కట్టే ముందు

లాగడానికి ఇంకో బండి దొరికిందంటే అందరికీ ప్రాణం లేచొస్తుంది. గాయాలు ఎక్కువగా జరిగేది ఆ తర్వాతే. చక్రాల మేరకు కూరుకున్న కారును కదిలించడానికి దాదాపు దాని బరువంత లాగుడు, చక్రాల మీది మడ్‌గార్డు దాకా కూరుకుంటే రెండింతలు కావాలని పనివాళ్లు లెక్కేస్తారు. 1,300 కిలోల కారంటే రెండున్నర టన్నుల దాకా. అంత బలంతో బిగిసిన తాడు తెగినా, కొక్కెం ఊడినా తుపాకీ గుండుకు తక్కువేం కాదు.

తాడును బంపరుకో, కింది సస్పెన్షన్ రాడ్‌కో, యాంటీరోల్ బార్‌కో కట్టకూడదు. కారు కొన్నప్పుడు జాకీతో పాటు డిక్కీలో ఇచ్చే కొక్కెం ఉంటుంది. బంపరు మీది చిన్న చదరపు మూత తీసి దాన్ని చివరిదాకా బిగించాలి. కొన్ని కార్లలో దానికి ఎడమచేతి మర ఉంటుంది, తిరగట్లేదని బలవంతం చేయకముందు రెండోవైపు తిప్పి చూడాలి. ఆ కొక్కెం నేరుగా లాగడానికి చేసినది, పక్కకు లాగితే వంగుతుంది. తాడు బరువు సామర్థ్యం కారు బరువుకు రెండు మూడు రెట్లుండాలి. ఇనప గొలుసు కన్నా పట్టీ తాడు మేలు, మధ్యలో ఒక దుప్పటో బరువైన కోటో వేస్తే తెగినా ఎగరకుండా కింద పడుతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో మనుషులెవరూ ఉండకూడదు, వీడియో తీసేవాళ్లతో సహా.

లాగే బండి టైర్లకు మంచు గొలుసులు లేకపోతే గడ్డ మీద అదీ జారుతుంది. తాడులో వదులు లేకుండా మెల్లగా బిగించి లాగాలి, వచ్చిన దారివైపే లాగాలి. పరుగెత్తి ఒక్క కుదుపుతో లాగే పద్ధతికి సాగే నైలాన్ పట్టీ, బలమైన కొక్కేలు కావాలి. మామూలు తాడుతో చేస్తే కారు రాకుండా కొక్కెమొక్కటే వస్తుంది.

కదలలేక లోపలే ఉండాల్సి వస్తే

2022 జనవరి 7, 8 తేదీల్లో పాకిస్తాన్‌లోని ముర్రీ అనే కొండ ఊరి దారుల్లో భారీ మంచుకు కార్లు చిక్కుకుపోయి ఇరవై మందికి పైగా చనిపోయారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా కారణమని అక్కడి అధికారులు చెప్పారు. హీటరు కోసం ఇంజిను నడుపుతూ అద్దాలు మూసి కూర్చుంటారు. బయట మంచు పెరిగి సైలెన్సర్ గొట్టాన్ని కప్పుతుంది. పొగ కారు అడుగునే చేరి, అక్కడి సందుల్లోంచి, బ్లోయరు గాలి దారిలోంచి లోపలికి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు బలంగా అంటుకుంటుంది.

కొండ మీద దీన్ని కనిపెట్టడం ఇంకా కష్టం. తలనొప్పి, వికారం, మగత దీని లక్షణాలు. ఎత్తు పడకపోతే వచ్చేవీ ఇవే. "పిల్లకు ఎత్తు పడలేదు, పడుకోనీ" అంటారు. తేడా తెలుసుకోవడానికి ఒక ఆనవాలుంది. ఎత్తు జబ్బు ఒక్కొక్కరికి ఒక్కోలా, సాధారణంగా గంటల తర్వాత వస్తుంది. ఇంజిను నడుస్తున్న కారులో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల బరువెక్కితే గ్యాసే అనుకుని ఇంజిను ఆపి, తలుపులు తెరిచి, అందరూ బయటికి రావాలి. ఆలోచనలు ఆ తర్వాత.

ఇంజిను గంటకు పది నిమిషాలే నడపాలి. ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు ఒకరు దిగి గొట్టం చుట్టూ మంచు తీయాలి. గాలి కొట్టని వైపు అద్దం ఒక వేలు మందం దించి ఉంచాలి. నిలబడిన పెట్రోలు కారు గంటకు సుమారు లీటరు లోపే తాగుతుంది. గంటకు పది నిమిషాల లెక్కన సగం ట్యాంకుతో రాత్రిని తేలిగ్గా దాటొచ్చు. అందుకే పెట్రోలు బండికి కొండెక్కే ముందు ట్యాంకు నింపుకోవాలనేది. ఎలక్ట్రిక్ కారుకు ఈ గ్యాసు బెడద లేదు. నిలబడి హీటరు నడిపితే గంటకు ఒకటి నుంచి మూడు యూనిట్లు ఖర్చవుతుంది, సీటు హీటరుంటే అంతకంటే చాలా తక్కువ.

కారు వదిలి నడిచి వెళ్లిపోదామనే ఆలోచన చాలాసార్లు తప్పు. మంచు కురుస్తుంటే పది మీటర్ల అవతల దారి కనిపించదు. ఊరి దీపాలు కళ్లెదుట ఉంటే తప్ప కారే ఆశ్రయం. వెతికేవాళ్లకు మనిషి కంటే కారు త్వరగా కనబడుతుంది. యాంటెన్నాకో అద్దానికో ఎర్రగుడ్డ కట్టాలి. సిగ్నలుంటే 112 దేశంలో ఎక్కడైనా పనిచేస్తుంది. హిమాచల్‌లో జిల్లా విపత్తు కేంద్రానికి 1077, రాష్ట్ర కేంద్రానికి 1070. చలికి ఫోను బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

గొలుసులు

ఇదంతా రాకుండా చూసే ఒక్క వస్తువు పేరు చెప్పమంటే టైర్ల చుట్టూ వేసే గొలుసులే. మంచు పడ్డాక మనాలి పోలీసులు నెహ్రూకుండ్ దగ్గరో సోలాంగ్ దగ్గరో బండ్లను ఆపి, పరిస్థితిని బట్టి ఫోర్ బై ఫోర్‌లనూ గొలుసులున్న వాటినీ మాత్రమే వదులుతారు. ఆ నాకా దగ్గర వాదించి పైకి వెళ్లడంలో గొప్పేమీ లేదు.

గొలుసు లాగే చక్రాలకు వేయాలి. స్విఫ్ట్, ఐ20, క్రెటా, ఎర్టిగా, హైక్రాస్ ముందు చక్రాల బండ్లు. ఇన్నోవా క్రిస్టా, బొలెరో వెనక చక్రాలవి. తప్పు జతకు వేస్తే వేయనట్టే. కొలత టైరు పక్కన రాసి ఉంటుంది, 205/65 ఆర్ 16 లాగా. అంకెలన్నీ కలవాలి. ముందు చక్రాలకు మాత్రమే వేసినప్పుడు ఎక్కుడు బాగుంటుంది కానీ దిగుడులో వెనక భాగం పట్టు లేక పక్కకు తిరుగుతుంది. నాలుగింటికీ లేకపోతే దిగుడులో నడక వేగమే.

వేయడం చదునైన చోట, మంచు మొదలవక ముందే. మెలికలు లేకుండా పరిచి, టైరు వెనకనుంచి పైకి తెచ్చి, ముందు లోపలివైపు కొక్కెం, తర్వాత బయటిది బిగించాలి. యాభై, వంద మీటర్లు నడిపి ఆగి మళ్లీ బిగించాలి. మొదటిసారి బిగించినప్పుడు ఎంత గట్టిగా అనిపించినా వదులవుతుంది. వదులు గొలుసు లోపలి బ్రేకు గొట్టాన్నీ ఏబీఎస్ తీగనూ కొట్టి తెంపుతుంది. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. తారు కనబడగానే తీసేయాలి. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ పార్కింగులో ఒకసారి వేసి తీసి చూసుకుంటే వాచ్‌మన్ వింతగా చూస్తాడేమో గానీ, మైనస్ ఐదులో చేతులు మొద్దుబారినప్పుడు ఆ అభ్యాసమే పనికొస్తుంది.

అమెరికాలో, ముఖ్యంగా బే ఏరియా నుంచి లేక్ టాహో వెళ్లే తెలుగు కుటుంబాలకు ఈ నియమాలు బోర్డుల మీదే ఉంటాయి. కాలిఫోర్నియాలో ఆర్1 అంటే లాగే చక్రాలకు స్నో టైర్లున్న కార్లకు గొలుసు వేయకపోయినా ఫర్వాలేదు. ఆర్2 అంటే నాలుగు చక్రాల లాగుడుతో పాటు నాలుగూ స్నో టైర్లున్న బండ్లకే మినహాయింపు. రెండు సందర్భాల్లోనూ గొలుసులు బండిలో ఉండాల్సిందే. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. అద్దె కార్లతో చిక్కు ఏమిటంటే, చాలా అద్దె ఒప్పందాలు గొలుసు వేయడాన్నే నిషేధిస్తాయి. తాళం తీసుకునే ముందే అడగాలి. టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తుంటేనే అసలైన చలి టైరు. ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో) అని మాత్రమే ఉంటే కాలిఫోర్నియా నియమానికి సరిపోతుంది గానీ, పట్టుకు చాలదు. మామూలు టైరు రబ్బరు ఏడు డిగ్రీల కింద గట్టిపడటం మొదలవుతుంది.

దక్షిణాది బండిలో దాగి ఉన్న సమస్యలు

మన ఎండల్లో తిరిగే బండ్లలో రేడియేటరులో ఉత్త నీళ్లు కలపడం మామూలు. కూలెంటు సగం, నీళ్లు సగం ఉంటే మైనస్ 35 దాకా గడ్డకట్టదు. నీళ్ల పాలు పెరిగితే రాత్రి ఆరుబయట నిలిపిన కారు రేడియేటరు పగులుతుంది, ఒక్కోసారి ఇంజిను బ్లాకు కూడా. బయల్దేరే ముందు గ్యారేజీలో హైడ్రోమీటరుతో చూపించుకోవాలి. వైపరు ట్యాంకులో నీళ్లుంటే తీసేసి చలికి పనికొచ్చే ద్రావణం పోయాలి.

డీజిలులోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 దాకా ప్రవహించే డీజిలు తెచ్చింది ఇందుకే. మైదానంలో పోయించిన డీజిలు ట్యాంకునిండా ఉంచుకుని పైకి పోకుండా, కింద తక్కువ మిగిల్చి కొండల్లో నింపుకోవాలి. పాత బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర దాదాపు మూడో వంతు బలం కోల్పోతుంది. నాలుగేళ్లు దాటినదైతే ఇంటి దగ్గరే మార్చేయడం చవక.

రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేస్తే తడిసిన బ్రేకు పట్టీలు పొద్దున్నకు అంటుకుపోతాయి. చదునులో మొదటి గేరులో పెట్టి చక్రం కింద రాయి వేయాలి, వైపర్లను అద్దం మీంచి ఎత్తి పెట్టాలి. పొద్దున కారు పైకప్పు మీది మంచంతా దులపాలి, లేకపోతే మొదటి బ్రేకుకే అది జారి ముందు అద్దాన్ని కప్పేస్తుంది. చక్రాల లోపలివైపు పేరుకున్న గడ్డ తీయకపోతే స్టీరింగ్ వణుకుతుంది, అది అలైన్‌మెంటు సమస్య కాదు. నీడపట్టు మలుపుల్లో రాత్రి గడ్డకట్టిన పలచని పొర తారు రంగులోనే కనిపిస్తుంది, ఎండ తగిలేదాకా పోదు. కాబట్టి పొద్దున పది దాటాక బయల్దేరి, మూడింటికల్లా కిందికి తిరుగుముఖం పట్టేలా ప్రయాణం వేసుకోవాలి.